‘నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా!’

మదనపల్లెలో బెంగళూరు రోడ్డున నిలబడి ఒకసారి తల పైకెత్తి చూడండి. సినిమా ఫ్లెక్సీలతో పోటీపడుతూ విదేశీ చదువుల ఫ్లెక్సీలు. సూటు తొడుక్కున్న కుర్రాడు, వెనకాల గడియారపు గోపురం, కింద ‘వీసా గ్యారంటీ’. మొన్నటి దాకా బీటెక్ పూర్తయినోళ్ళకే వల వేసేవాళ్ళు. ఇప్పుడు కొత్త సరుకు దిగింది. ‘ఇక్కడ ఒక సంవత్సరం చదివారా? మిగతాది ప్రపంచంలోనే గొప్ప విశ్వవిద్యాలయంలో చదవండి. మీ ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌ను బలంగా తయారుచేసే పూచీ మాది’. పుంగనూరులో ఇదే మాట. కుప్పంలో ఇదే మాట. టమాటా మండీలో దళారి ఉన్నట్టే చదువుల మండీలోనూ దళారి పుట్టుకొచ్చాడు. మండీ దళారి కనీసం క్రేట్‌లో కాయ చూసి ధర కడతాడు. వీడు ఖాళీ క్రేట్‌కు రంగు పూసి అమ్ముతాడు. తేడా అంతే.

ఈ మధ్య మా దగ్గరకు ఒక అమ్మాయి వచ్చింది. పుంగనూరు పక్క పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం. లెక్కలన్నా గణాంకాలన్నా ప్రాణం. కాలేజీలో మొదటి ర్యాంకు. నాయన రెండెకరాల్లో టమాటా పెడతాడు. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయంలో మిగతా చదువు చదవాలని ఆశ. ‘అన్నా, ఈ ఫైలు ఒకసారి చూసి చెప్పండి’ అని చేతిలో పెట్టింది.

చూశాం. అందులో రెండు పరిశోధన పత్రాలున్నాయి, ఆ పాప రాయలేదు. ఒక కంపెనీలో మూడు నెలలు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఉంది, ఆ కంపెనీ యాడుందో ఆ పాపకు తెలియదు. అనాథలకు సేవ చేసినట్టు ఇంకో సర్టిఫికెట్. అన్నీ ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ‘ప్రొఫైల్ ప్యాకేజీ’ కింద ఇచ్చినవే. ఒక పంట డబ్బు దానికే పోయింది. అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టింది వేరే కాగితం. అధ్యాపకుడు ఇచ్చే సిఫారసు ఉత్తరం. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. పైన ఉన్నదంతా ఆ పాప స్వయంగా టైపు చేసుకున్నదే. ‘సారును అడిగితే నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా అన్నారన్నా’ అంది. తన గురించి తాను ‘ఈ విద్యార్థిని అసాధారణ ప్రతిభాశాలి’ అని రాసుకోలేక రాత్రంతా ఏడ్చిందట. చివరికి స్నేహితురాలి ఉత్తరం చూసి ఎత్తి రాసింది. ఆ స్నేహితురాలు ఇంకెవరిదో చూసి రాసింది.

మిత్రులారా, మేం మాట్లాడదలుచుకున్నది ఈ ఉత్తరం గురించి.

‘రాష్ట్రం కోసం కొట్లాడాల్సిన పత్రిక, పిల్లలు బయటికి పోయే దారులు చెప్పడమేంది?’ అని మాలోనే కొందరు అడిగారు. అడగనీండి. కుప్పం స్టేషన్‌లో తెల్లారుజామున నిలబడితే బెంగళూరు బండి ఎక్కే కూలీలు, సెక్యూరిటీ గార్డులు, హోటళ్ళలో గిన్నెలు కడిగే పిల్లోళ్ళు కనిపిస్తారు. ఆ వలసను ఎవరూ ప్రశ్నించరు. చదువుకోసం ఒక పాప పోతానంటేనే మనకు మట్టి మీద మమకారం గుర్తొస్తుందా? చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1902లో కేంబ్రిడ్జికి పోయారు. పోయి, తిరిగొచ్చి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. అప్పుడు ఎవరో ‘మన ఊరి పిల్లోడు పోతే మనకేం లాభం’ అని అడ్డుపడి ఉంటే ఏమయ్యేది?

తలుపు ఎంత సందు తెరిచి ఉందో ముందు తెలుసుకుందాం

ఫ్లెక్సీలు చెప్పని సంగతి ఇది. మన దేశంలో డిగ్రీ మధ్యలో పెద్ద విద్యాసంస్థకు మారే తోవ దాదాపు లేదు. ఐఐటీల్లో బీటెక్‌కు ఇంకో కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ అన్న మాటే లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండుసార్లు రాయొచ్చు, దాటితే ఆ గేటు మూసినట్టే. మన పిల్లలకు తెలిసిన అసలైన మార్పిడి ఒకటే, పాలిటెక్నిక్ వాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం. అది మంచి దారే. అది కూడా మన రాష్ట్రపు కాలేజీల వరకే.

అమెరికాలో మధ్యలో చేర్చుకునే పద్ధతి ఉంది. ఎంత మందిని? ప్రిన్స్‌టన్ 1990లో ఆ తలుపు మూసేసి, 2018లోగానీ తిరిగి తెరవలేదు. తెరిచినప్పుడు కూడా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకు, కమ్యూనిటీ కాలేజీల్లో చదివే పేద పిల్లలకు పెద్దపీట వేస్తామని చెప్పి తెరిచింది. హార్వర్డ్‌లో వెయ్యి మందికి పైగా అడిగితే పదీ ఇరవై మందికి దొరికితే గొప్ప. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మార్పిడి సీట్లు ఎక్కువే గానీ అక్కడ ముందు వరస ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీ పిల్లలదే. వాళ్ళ రాష్ట్రం, వాళ్ళ పిల్లలు, వాళ్ళకు మొదటి హక్కు. ఈ మాట మనం అంటే వేర్పాటువాదం, వాళ్ళు చేస్తే విధానం! సరే, అది వేరే కథ.

డబ్బు సంగతి ఇంకొకటి. విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది కూడా తూకం వేసి సీటిచ్చే విశ్వవిద్యాలయాలే ఎక్కువ. ఆ పట్టింపు లేనివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టమాటా రైతు బిడ్డ సాయం అడక్కుండా పోగలదా? ఈ ముక్క చెప్పకుండా ప్యాకేజీ అమ్మినవాడిని ఏమనాలి?

మన తెలుగోళ్ళకు ‘ట్రాన్స్‌ఫర్’ అనగానే గుర్తుకు రావాల్సినవి రెండు చేదు జ్ఞాపకాలు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బోగస్ విశ్వవిద్యాలయం మీద దాడులు జరిగాయి. చిక్కుకున్నవాళ్ళలో అత్యధికులు మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. పశువుల మెడకు గంట కట్టినట్టు. వేరే విశ్వవిద్యాలయాలకు మార్పించండి మహాప్రభో అని ఆ పిల్లలు కాళ్ళావేళ్ళా పడాల్సి వచ్చింది. అది నడిపిన మనిషికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. మన పిల్లల ఏళ్ళు ఎవరిచ్చారు? ఎనిమిదేళ్ళు తిరిగేసరికి 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్. అది అక్కడి ప్రభుత్వమే ఎరగా పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్ళలో మనోళ్ళే ఎక్కువ. అందులోకి పిల్లల్ని చేర్పించి కమీషన్ తిన్నవాళ్ళలోనూ మనోళ్ళే ఉన్నారు. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఒక భారతీయ విద్యార్థి దొంగ మార్కుల జాబితాలతో, బతికున్న తండ్రికి మరణ పత్రం సృష్టించి పూర్తి స్కాలర్‌షిప్ సంపాదించాడు. దొరికాడు. కేసు పెట్టి వెనక్కి పంపారు.

కాబట్టి ఆ పాపకు మేం మొదట చెప్పిన మాట, ‘అమ్మా, ఆ రెండు పరిశోధన పత్రాలూ చించెయ్యి’. చించింది. డబ్బు పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోతే పోయింది.

వెల్లూరు నుంచి మద్రాసుకు మారిన కుర్రాడు

నూట ఇరవై ఏళ్ళ కిందటి ముచ్చట. తిరుత్తణి కుర్రాడు. పేద కుటుంబం. తిరుపతిలో బడి చదువు, వెల్లూరు ఊరీస్ కాలేజీలో ఎఫ్.ఎ. అక్కడి నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి మారాడు. దక్షిణాదిలో ఆనాడు అంతకంటే పేరున్న కాలేజీ అరుదు. ఏ సబ్జెక్టు తీసుకోవాలో తెలియదు, పుస్తకాలు కొనే స్తోమత లేదు. అదే కాలేజీలో చదివిన దగ్గరి బంధువు తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చాడు. ఇంకేం, తత్వశాస్త్రమే చదివాడు. ఆ కుర్రాడి పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్. (తిరుత్తణి తర్వాత చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. మనం పోగొట్టుకున్నవాటి జాబితా చిన్నదేం కాదు.)

ఇది అందరికీ తెలిసిందే. మేం చెప్పదలిచింది ఆ తర్వాతి ముక్క. 1908లో ఎం.ఎ. కోసం వేదాంతంలోని నీతి మీద ఆయన ఒక సిద్ధాంత వ్యాసం రాశారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న పాదిరీల విమర్శకు అది జవాబు. ఆ వ్యాసాన్ని దిద్దినవాళ్ళలో ఒకరు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. ఆయన కూడా పాదిరీయే! తన మతాన్నే ఎదిరించిన శిష్యుడికి ఆయన యోగ్యతాపత్రం రాసిచ్చాడు. ఏమని? ‘అసాధారణ ప్రతిభాశాలి’ అని ఊకదంపుడుగా కాదు. ఆ వ్యాసంలో తత్వ సమస్య ముఖ్యాంశాలను ఎలా పట్టుకున్నాడో, చిక్కుముడి లాంటి వాదనను ఎంత తేలిగ్గా నడిపాడో, ఇంగ్లిషు ఎలా రాశాడో, అన్నీ చూసి, చదివి, తూచి రాశాడు.

గమనించండి. హాగ్ ఆ వ్యాసం చదివాడు. హాగ్‌కు ఆ కుర్రాడు తెలుసు. హాగ్ అదే కాలేజీలో స్థిరంగా ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మూడూ కలిస్తేనే ఒక ఉత్తరం పుడుతుంది. ప్రపంచంలో ఏ పెద్ద విశ్వవిద్యాలయమైనా ట్రాన్స్‌ఫర్ అడిగిన విద్యార్థి గురించి తెలుసుకోవాలనుకునేది ఇదే. ఈ పిల్ల తరగతిలో ఏ ప్రశ్న అడిగింది? తప్పు చేసినప్పుడు ఎలా దిద్దుకుంది? పాఠం దాటి ఏం చదివింది? సంతకం పెట్టేవాడికి ఇవి తెలియకపోతే ఆ కాగితం విలువ ఎంత? చేతికి దొరికితే పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మన పాప సంగతికి రండి. ‘నువ్వే రాసుకుని రా’ అన్న ఆ సారు దుర్మార్గుడా? మేం పోయి కలిశాం. గెస్టు లెక్చరర్. గంటకింత అని జీతం, అది కూడా నెలల తరబడి బాకీ. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ, సాయంత్రం ఎంసెట్ ట్యూషన్. ‘అరవై మందికి చెప్తా సార్, ఆ పాప బాగా చదువుతుందని తెలుసు, ఇంకేం రాయాలో నాకు తెలీదు. నాకు ఎవరూ అలాంటి ఉత్తరం రాసివ్వలేదు’ అన్నాడు. వచ్చే ఏడు తాను ఈ కాలేజీలో ఉంటాడో లేదో తనకే తెలియదు. అమెరికా నుంచి ఎవరన్నా ఈమెయిల్ పెట్టి ఆరా తీస్తే జవాబిచ్చే మనిషి అక్కడ ఉండడు. కాలేజీ పేరున్న ఈమెయిల్ చిరునామా కూడా ఆయనకు లేదు. కోపంతో పోయినవాళ్ళం తల వంచుకుని వచ్చాం.

ఎవరి పాపం ఇది?

శ్రీబాగ్ ఒప్పందం అనగానే మనకు కృష్ణా, పెన్నా నీళ్ళు గుర్తొస్తాయి. 1937 నవంబరు 16న రాసుకున్న ఆ కాగితంలో మొట్టమొదటి అంశం నీళ్ళు కాదు, విశ్వవిద్యాలయం! వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం అని రాసుకున్నారు. మన పెద్దలకు చదువు విలువ అంత బాగా తెలుసు. అనంతపురానికి పీజీ కేంద్రం 1968లో వచ్చింది, సొంత విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. నలభై నాలుగేళ్ళు! మధ్యలో 1954లో తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు, కాదనం. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు, అదీ కాదనం. 2014 తర్వాత తిరుపతికి ఐఐటీ, ఐసర్ వచ్చాయి, అనంతపురానికి కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. మంచిదే. బోర్డులు చాలానే వచ్చాయి. మేం అడిగేది బోర్డు కింద కుర్చీలో కూర్చునే మాస్టారు గురించి. 2023 అక్టోబరులో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టులకు నోటిఫికేషన్లన్నారు, కోర్టు వివాదాల్లో ఇరుక్కున్నాయి. ఈలోగా ఎన్ని బ్యాచులు ‘నువ్వే రాసుకుని రా’ విని బయటికి పోయాయో లెక్క ఎవరి దగ్గరుంది?

స్థానికత సంగతీ చూడండి. ఆరు సూత్రాల పథకం, 371-డి, 1974 నాటి ప్రవేశాల ఉత్తర్వు వల్ల మనకు వెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో 85 శాతం సీట్లు స్థానికంగా దక్కుతున్నాయి. మంచి కవచం. కుప్పం పిల్లోడికి మాత్రం అదే కవచం గుచ్చుకుంటోంది. ఇంటికి దగ్గరని కోలారులోనో బెంగళూరులోనో ఇంటర్ చదివితే, చివరి నాలుగేళ్ళు ఇక్కడ చదవలేదు గనక మన దగ్గర నాన్ లోకల్. కర్ణాటకలో అడిగితే ఏడేళ్ళ చదువు చూపించమంటారు. రెండు రాష్ట్రాల నడుమ ఉన్న ఊరికి రెండు తలుపులూ మూసేశారు. ఇక హైదరాబాదు. రాష్ట్ర విభజన చట్టంలో పదేళ్ళపాటు పాత కోటాల ప్రకారమే ప్రవేశాలన్నారు. 2024 జూన్ 2తో ఆ పదేళ్ళు అయిపోయాయి. అరవై ఏళ్ళు మన పన్నులతో కూడా పెరిగిన నగరపు కాలేజీల్లో మన పిల్లకు ఉన్న కాస్త వాటా కూడా అంతటితో సరి. ఆ పదేళ్ళలో సీమలో దానికి సమానమైనది కట్టాలని ఏ పాలకుడికీ తోచలేదు. 2024 సంక్రాంతికి పుంగనూరు ఆవులు ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంటి పచ్చిక మీద మేత మేశాయి. ఫొటోలు చూసి మనం మురిసిపోయాం. పుంగనూరు ఆవుకు దొరికిన తోవ పుంగనూరు పిల్లకు దొరికేదెప్పుడు?

సరే, పాలకుల్ని తిట్టడం మనకు వచ్చిన విద్యే. ఇప్పుడు మనల్ని మనం తిట్టుకుందాం. మన ఉద్యమంలో అధ్యాపక మిత్రులు తక్కువేం లేరు. పర్మినెంటు జీతం, యూజీసీ స్కేలు, పెన్షన్ ఉన్నవాళ్ళు. బంద్ రోజు ముందుంటారు, వేదిక మీద కన్నీళ్ళు పెట్టిస్తారు. అయ్యా, మీ తరగతిలో మొదటి పదిమంది పిల్లల పేర్లు చెప్పగలరా? వాళ్ళ ఉత్తరం మీరు రాశారా, వాళ్ళ చేత రాయించుకుని సంతకం గీకారా? గెస్టు లెక్చరర్‌కు సాకు ఉంది, మీకేముంది? ఆఫీసులో కూర్చున్న ఉద్యోగ సోదరులకూ ఒక మాట. మార్కుల జాబితా, సిలబస్ కాగితాల మీద ముద్ర, గ్రేడ్ల పద్ధతి వివరించే చిన్న పత్రం. ఈ మూడింటి కోసం ఆ పాప నాలుగుసార్లు తిరిగింది. ‘రేపు రా’, ‘సెక్షన్ సారు లీవు’, ‘ఎందుకు ఇవన్నీ, పెళ్ళి చేసుకోక’. ఈ చివరి మాట అన్నవాడి కండువా రంగు మాకు తెలుసు. రాయడం లేదు, సిగ్గుపడతాడేమోనని.

విద్యార్థి మిత్రులకు

అప్లికేషన్ అంటే సర్టిఫికెట్ల కట్ట అనుకోకండి. చదివేవాడు వెతికేది రెండే రెండు ప్రశ్నలకు జవాబు. ఇప్పుడున్న చోట దొరకనిది ఏది? మా దగ్గర మాత్రమే దొరికేది ఏది? ‘మీది ప్రపంచ ప్రసిద్ధ విశ్వవిద్యాలయం’ అని రాస్తే వాళ్ళకు తెలియని విషయమా? ఫలానా కోర్సు, ఫలానా విభాగం, నేను ఇంతవరకు చదివింది ఇది, దీని తర్వాత మెట్టు మా కాలేజీలో లేదు, మీ దగ్గర ఉంది. ఇలా రాయాలి. మీ కాలేజీని తిట్టకండి. ఈ సలహా మేం ఇస్తున్నామంటే మాకే నవ్వొస్తోంది, మేం బతికేదే తిట్టడం మీద! అయినా సరే, ఆ కాగితంలో తిట్లు వద్దు. లేనిది లేదని చెప్పండి, ఉన్నదానితో ఏం చేశారో చెప్పండి.

మొదటి సంవత్సరం మార్కులే మీ పునాది. అమెరికా విశ్వవిద్యాలయాలకు ట్రాన్స్‌ఫర్ గడువు సాధారణంగా మార్చిలో ఉంటుంది. అప్పటికి చేతిలో ఉన్న సెమిస్టర్ మార్కులతో పాటు, నడుస్తున్న సెమిస్టర్‌లో ఎలా చదువుతున్నారో అధ్యాపకులు నింపి ఇచ్చే పత్రం కూడా అడుగుతారు. ఇంటర్ మార్కులూ చూస్తారు. సంక్రాంతి సెలవుల ముందే ఆఫీసు మెట్లెక్కండి. మెమో సంగతి మార్చిలో గుర్తొస్తే లాభం లేదు.

ఇక చేసిన పని. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కోవద్దు. మదనపల్లెలో ఉన్నవాడికి ప్రాజెక్టు కరువా? దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి మన గడపలో ఉంది. 2023 జూలైలో కిలో వంద దాటి పరుగెత్తిన కాయే ఇంకో సీజన్‌లో రోడ్డు మీద పారబోతకు వస్తుంది. ఎందుకు? రోజూ యార్డుకు పోయి ధర, రాబడి, లారీలు ఎటు పోతున్నాయో ఆరు నెలలు రాసుకున్న పాపకు అదే గణాంక శాస్త్రం. మా పాప నాయన దగ్గర పదేళ్ళ మండీ చీటీలు ఉన్నాయి. అట్టపెట్టెలో, చింతపండు డబ్బా పక్కన! కన్సల్టెన్సీ వాడు ఆ పెట్టె గురించి అడగనే లేదు. కుప్పంలో ఉన్నవాడి నోట్లోనే తెలుగు, తమిళం, కన్నడం కలిసి ఆడతాయి. ఒకే సంతలో ఒకే మనిషి మూడు భాషల్లో బేరం ఎలా ఆడతాడో రికార్డు చేసి రాస్తే భాషాశాస్త్ర విభాగం వాడు లేచి కూర్చుంటాడు. పుంగనూరు వాడు ఆవును చూసి గర్వపడటంతో ఆగక, ఊళ్ళో ఎన్ని మిగిలాయో, ఎవరి కొట్టంలో ఏ తరానిదో లెక్క రాసుకుని పలమనేరు పశు పరిశోధన కేంద్రం వాళ్ళను ప్రశ్నలు అడగొచ్చు. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు. అందుకే వీటికి విలువ.

ఉత్తరం అడిగే పద్ధతి కూడా ఉంది. గడువుకు రెండు నెలల ముందు అడగండి. మీరు రాసిన జవాబు పత్రాలు, మీ ప్రాజెక్టు, మీరు ఆ సారును అడిగిన ప్రశ్నలు ఒక పేజీలో రాసి ఆయన ముందు పెట్టండి. ‘సార్, ఇవి నిజంగా జరిగినవి. ఉత్తరం మాత్రం మీ మాటల్లో మీరే రాయండి’ అనండి. తెలుగులో రాస్తానన్నా సరే, అనువాదం చేయించి రెండూ జతచేయొచ్చేమో ఆ విశ్వవిద్యాలయాన్నే ఈమెయిల్ పెట్టి అడగండి.

తలుపు తెరుచుకోకపోతే? మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారికి ఆక్స్‌ఫర్డ్ సీటివ్వలేదు. లండన్ ప్రవేశ పరీక్ష కూడా గట్టెక్కలేదు. కాబట్టి సీటు రానంత మాత్రాన ఉరితాళ్ళు వెతుక్కోకండి. దేశంలో దారులున్నాయి. డిగ్రీ అయ్యాక జామ్ రాసి ఐఐటీ, గేట్ రాసి ఎంటెక్, 2022 నుంచి సీయూఈటీ పీజీతో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం. నిజం చెప్పాలంటే మన దేశంలో ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే. ఇంకొకటి. ఐఐటీ మద్రాసు వాళ్ళు 2020లో ప్రకటించిన డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష రాయాలి. పాఠాలు ఇంటి నుంచే, పరీక్షలు కేంద్రానికి పోయి. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ అనుమతించింది గనక, ఉన్న కాలేజీ వదలక్కర్లేదు. పేద పిల్లలకు ఫీజు తగ్గింపు ఉంది. ఎన్‌పీటెల్, స్వయం కోర్సుల పరీక్షలు రాసి క్రెడిట్లు మన డిగ్రీలో కలపమని అడిగే హక్కు కూడా ఉంది. 2021 నాటి యూజీసీ నిబంధన 40 శాతం దాకా ఒప్పుకుంటుంది. మీ కాలేజీ ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా ఎందుకో అడగండి.

మేం అడిగేవి

ఈ మూడు ఊళ్ళ డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు ఒక అర్జీ తయారు చేశాం. అడిగిన పది పనిదినాల్లో మార్కుల జాబితా, సిలబస్, గ్రేడ్ల పత్రం ఇవ్వాలి. గెస్టు లెక్చరర్లతో సహా ప్రతి అధ్యాపకుడికీ కాలేజీ పేరున్న ఈమెయిల్ ఉండాలి. విద్యార్థి చేత ఉత్తరం రాయించుకుని సంతకం పెట్టడాన్ని కాలేజీ లిఖితపూర్వకంగా నిషేధించాలి. ఖాళీ పోస్టుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇందులో రూపాయి ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. మొదటి మూడింటికి రాష్ట్రం వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా.

సంతకాల సేకరణ వచ్చే సోమవారం మదనపల్లె బీటీ కాలేజీ బయట పొద్దున తొమ్మిదికి మొదలవుతుంది. ఆ కాలేజీని 1915లో అనీబిసెంట్ పెట్టారు, 1919లో రవీంద్రుడు వచ్చి ‘జనగణమన’కు ఇంగ్లిషు అనువాదం చేసింది అక్కడే. మంగళవారం పుంగనూరు, బుధవారం కుప్పం. అధ్యాపకులు ముందు వరసలో సంతకం పెట్టాలి.

ఆ పాప ఉత్తరం గురించి చెప్పి ఆపుతాం. గెస్టు లెక్చరర్ సారు కిందటి ఆదివారం మాకు ఫోన్ చేశాడు. ట్యూషన్ ఎగ్గొట్టి, మండీ చీటీల పెట్టె ముందేసుకుని, ఆ పాపతో మూడు గంటలు కూర్చున్నాడట. చేత్తో రెండు పేజీలు రాశాడు. ఇంగ్లిషులో అక్కడక్కడా తప్పులున్నాయి. సంభావ్యత పాఠంలో తాను బోర్డు మీద చేసిన ఒక లెక్క తప్పని ఆ పాప మరుసటి రోజు వచ్చి చూపించిందని మొదటి పేరాలోనే రాశాడు. ‘ఇది రాయొచ్చా సార్, నాకే పరువు తక్కువ కాదా?’ అని అడిగాడు. ఒక్క అక్షరం మార్చొద్దని చెప్పాం.